కొల్లేటి పరీక్ష

"నోటి బొమ్మ లేని పెట్టె ఇవ్వండి," అంటారు కొందరు. సిగరెట్ పెట్టెల మీద పుండు పడ్డ నోటి బొమ్మ వేస్తున్నారు కదా, అది చూడబుద్ధి కాదు వాళ్ళకి. జబ్బు వచ్చేది పొగ వల్ల కాదు, బొమ్మ వల్లే అన్నట్టు వేరే బొమ్మ ఉన్నది వెతికించుకుని మరీ పట్టుకెళ్తారు. నేనూ వెతికి ఇస్తాను. ఏలూరు వన్‌టౌన్‌లో ఇన్నేళ్ళుగా చుట్టలూ బీడీలూ అగ్గిపెట్టెలూ అమ్ముకు బతుకుతున్నవాణ్ణి, వచ్చిన బేరం ఎందుకు పోగొట్టుకుంటాను? కానీ మొన్న ఒకాయన అలా అడిగితే చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది. ఆ బొమ్మలో నోరు లాంటి నోరు నేనొకసారి చూశాను.

ఆవిడ పేరు చెప్పను. మామ్మగారూ అనే పిలిచేవాణ్ణి. ఆ నోరు నాకు ఒక్కసారే చూపించింది. చూసింది చూసినట్టు చెప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేదేమో. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలా కారణాలు చెప్పగలను, వినేవాళ్ళు నమ్మేలా కూడా చెప్పగలను. నాకే నమ్మకం కుదరదు.

మామ్మగారిది కైకలూరు అవతల కొల్లేట్లో ఒక లంక ఊరు. చుట్టలు చుట్టేది. పొగాకు నా దగ్గరే తీసుకునేది, చుట్టలు నా కొట్టుకే వేసేది. పదిహేను రోజులకోసారి తాటాకు బుట్ట చంకన పెట్టుకుని మొదటి బస్సుకి దిగిపోయేది. బస్సులో డ్రైవరు వెనక సీట్లో తప్ప ఇంకెక్కడా కూర్చోదు. అది ఖాళీ లేకపోతే నిలబడే వస్తుంది.

"అదేంటి మామ్మగారూ, వెనక అన్ని సీట్లు ఖాళీ ఉంటే?" అని అడిగితే, "ఆయన కళ్ళు మూశాడంటే ఎవరు చూస్తారండి? అందరూ ఆయన్ని నమ్మి నిద్దరోతారు. ఒకళ్ళన్నా మెలకువగా ఉండొద్దా?" అంది.

అదీ ఆవిడ వరస. ఎవర్నీ నమ్మదు. కొట్లోకి రాగానే హోటల్ నుంచి రెండు టీలు తెప్పించేవాణ్ణి. తనకి ఇచ్చిన గ్లాసు నా ముందుకు నెట్టి, నా గ్లాసు తను తీసుకునేది. మొదటిసారి నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏవండీ, నేను మీకు మందు పెడతానా?" అన్నాను. "అలా ఎందుకనుకుంటారు బాబూ? మీ గ్లాసైతే మంచిదే అయ్యుంటదని," అంది చల్లగా. తర్వాత తర్వాత అలవాటై, తెచ్చిన కుర్రాడు బల్ల మీద పెట్టగానే నేనే గ్లాసులు మార్చి పెట్టేవాణ్ణి. అప్పుడు ఇంకా అనుమానం వచ్చి మళ్ళీ మార్చేది.

పొగాకు కట్ట విప్పితే ఒక్కో ఆకూ చెంపకి ఆనించి చూసేది. చేత్తో పట్టుకుంటే తెలియని తడి చెంపకి తెలుస్తుందట. "నీళ్ళు కొట్టారేంటండి దీనికి, బరువు తూగాలని?" అని మొహం మీదే అడిగేది. ఎంత మాట? కొట్టలేదని గట్టిగా అరిచేవాణ్ణి. నిజానికి ఒకసారి కొట్టాను. అది చెంపకి ఆనించకుండానే కనిపెట్టేసింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆవిడ తెచ్చిన ప్రతి కట్టలోంచీ మధ్య చుట్ట ఒకటి లాగి, విప్పి, లోపల ఈనెలు కూరిందేమో చూసేవాణ్ణి. ఎప్పుడూ కూరలేదు. అయినా చూడ్డం మానలేదు. ఆవిడ పక్కన కూర్చుని తాపీగా చూసేది. "చూసుకోండి బాబూ, చూసుకోండి. మీకేంటి, ఎదుటోడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి," అనేది. తిట్టినట్టు కాదు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకున్నట్టు అనేది. మా ఇద్దరికీ కుదిరింది అక్కడే అనుకుంటాను.

ఆవిడ మాట్లాడినా, నవ్వినా, చుట్ట తాగినా పైట చెంగు నోటికి అడ్డం ఉండాల్సిందే. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. పాస్టరుగారికి చుట్ట మానేశానని చెప్పిందట. వాసన బయటికి రాకుండా చెంగు అడ్డం పెట్టుకుని, అదే అలవాటైపోయిందని చెప్పేది. నేనది నమ్మాను. అన్నిటికీ అనుమానపడేవాణ్ణి, దీనికి పడలేదు చూడండి.

చుట్ట తాగడమంటే మామూలుగా కాదు, అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. తెలియనివాళ్ళు చూస్తే గుండె గుభేలుమంటుంది. వాళ్ళ ఊళ్ళో ఆడా మగా చాలామందికి అదే అలవాటు. పడవలో ఒక చేత్తో గెడ, ఇంకో చేత్తో వల. పైన గాలి, కింద నీళ్ళు. నిప్పు బయట ఉంటే ఎంతసేపు నిలుస్తుంది? నోట్లో ఉంటే వాన కురిసినా ఆరదు, రవ్వ ఎగిరి వల కాలదు, చుట్ట కూడా నిదానంగా తరుగుతుంది. అడిగితే ఆవిడ ఇవన్నీ వేళ్ళ మీద చెప్పేది. నోటి సంగతేంటండీ అంటే, "నోరు నాదేగా," అనేది.

ఒకసారి కొత్తరకం అగ్గిపెట్టెలు అమ్మమని ఒకడు వచ్చాడు. మామ్మగారు ఆ పూట కొట్లోనే ఉంది. పెట్టె తీసి చెవి దగ్గర ఆడించింది. నీళ్ళ బిందె మీద కాసేపు పెట్టింది. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, కొట్టు ముందున్న కాలవ గాలికి ఎదురుగా నిలబడి ఒంటి చేత్తో గీసింది. పది పుల్లలకి మూడు వెలిగాయి. "మా ఊరొస్తే ఈ మూడూ కూడా వెలగవండి," అని తిరిగిచ్చేసింది. అప్పట్నుంచీ కొట్లోకి కొత్త సరుకు ఏది వచ్చినా ముందు ఆవిడ చేతికివ్వడం అలవాటు చేసుకున్నాను. తడి, గాలి, ఒంటి చెయ్యి. దానికి కొల్లేటి పరీక్ష అని నేనే పేరు పెట్టాను. ఆ పరీక్షలో నెగ్గిన సరుకు ఉండి ఊరి నుంచి కైకలూరు దాకా ఎక్కడైనా అమ్ముడుపోయేది.

అంతా బాగుండగా ఒకసారి నోరు జారాను. ఆవిడకి దగ్గు పట్టుకుంది, వారాల తరబడి తగ్గలేదు. "మామ్మగారూ, ఆ దగ్గు మంచిది కాదు, డాక్టరుకి చూపించుకోండి," అన్నాను. అంతే, మొహం మాడ్చుకుంది. రెండు నెలలు కొట్టు గుమ్మం తొక్కలేదు. సరుకు గుడివాడలో ఇంకో కొట్టుకి వేసింది. జబ్బు మనిషి చుట్టిన చుట్టలని పేరు పెట్టి నేను ఆవిణ్ణి వదిలించుకోబోతున్నానని ఆవిడ అనుమానం. ఇక్కడ నా దగ్గర కొనేవాళ్ళు ఆవిడ చుట్టలే కావాలని ప్రాణం తీశారు. చివరికి నేనే వాళ్ళ ఊరు వెళ్ళి, పడవ రేవులో నిలబడి, బతిమాలి తెచ్చుకున్నాను. ఇంకెప్పుడూ ఆవిడ ఒంటి సంగతి ఎత్తకూడదని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు కొట్టేసిన మరుసటేడు తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణ మండపం తీసుకుని చుట్ట, బీడీ సరుకుల ప్రదర్శన పెట్టారు. ఎక్కడెక్కడి కంపెనీలూ వచ్చాయి. జిల్లాకి ఒక డీలర్ని తీసుకుంటాం, సరుకు చూసి అక్కడికక్కడ తేల్చుకోవాలి అని కార్డు వేశారు. అక్కడికక్కడ అన్నారంటేనే అందులో ఏదో ఉంది. నేను మామ్మగార్ని బయల్దేరదీశాను.

"నన్నెందుకు బాబూ? నలుగుర్లో నవ్వులాటకా?"

"మీకు నచ్చింది ఒక్కటే తీసుకుంటానండి. మీరు వద్దంటే ఉత్త చేతుల్తో వచ్చేస్తాను."

"ఒట్టేనా?"

"ఒట్టేనండి."

పాసింజర్లో వెళ్ళాం. మండపం బయట దాకా మార్కెట్లో ఉల్లిపాయల వాసన, లోపల సెంటు వాసన. ఎర్ర తివాచీ, టైలు కట్టుకున్న కుర్రాళ్ళు, గాజు బల్లలు. మామ్మగారు చెప్పులు గుమ్మంలో విప్పి, ఎవరైనా ఎత్తుకుపోతారని మళ్ళీ వెనక్కొచ్చి, బుట్టలో వేసుకుని లోపలికొచ్చింది.

మొదటి బల్ల మీద చుట్ట కొస కోసే చిన్న కత్తెర. తళతళలాడుతోంది. ఆ కుర్రాడు సన్నటి చుట్ట ఒకటి టక్కున కోసి చూపించాడు. మామ్మగారు బుట్టలోంచి తన చుట్ట తీసిచ్చింది. బొటనవేలంత లావు. కత్తెర సగం దిగి ఇరుక్కుపోయింది, ఆకు నలిగి చిట్లింది. చెంగు వెనకనుంచి పంటితో కొస పుటుక్కున కొరికి చూపించింది. "పళ్ళూడిపోయినోళ్ళకి పనికొస్తదిలెండి," అని ముందుకు నడిచింది.

రెండోది రేకు పెట్టె. లోపల తడి స్పాంజీ, చుట్టలు ఎండిపోకుండా. ఆ పెట్టె మూత తీసి వాసన చూసి, మూసి, మళ్ళీ తీసి వాసన చూసింది. "మా ఊళ్ళో గాలే స్పాంజీ అండి. బూజు పట్టకుండా పొయ్యి మీద ఉట్టిలో పెట్టుకుంటాం మేము. పొడిగా ఉంచే పెట్టె ఉంటే చెప్పండి, కొంటారు ఈయన." నాకు నవ్వాగలేదు. నా మనిషి అని గర్వంగానే ఉంది.

మూడో బల్ల దగ్గర మాత్రం అల్లరైపోయింది. ప్లాస్టిక్ గొట్టం అది, చుట్ట అందులో గుచ్చుకుని తాగితే విషమంతా మధ్యలో దూది పట్టేసుకుంటుందట. "నోటి వైపు కొస ఇందులో పెట్టండి మామ్మగారూ," అన్నాడు కుర్రాడు. ఆవిడ చుట్ట వెలిగించి, చెప్పినట్టే నోటి వైపు కొస గుచ్చింది. ఆవిడకి నోటి వైపు కొస అంటే నిప్పున్న కొసే కదా. ప్లాస్టిక్ చుయ్యిమని కరిగి కంపు లేచింది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చేశారు.

"అయ్యో, నిప్పు బయట ఉండాలండి!" అన్నాడు కుర్రాడు.

"బయట ఉంటే గాలి తాగుద్దండి. నేనేం తాగాలి?"

జనం ఘొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కరిగిన గొట్టం తిప్పి చూసి, "విషం పట్టుకుంటదన్నారు. దీనికే పట్టింది," అని బల్ల మీద పెట్టేసింది. చెంగు ఇంకాస్త పైకి లాక్కుంది. నవ్వులాటకి తెచ్చానని అనుకుంటోందేమోనని నాకు బెదురు పట్టుకుంది.

చివరి బల్ల మీద లైటర్లున్నాయి. అడుగున చిన్న టార్చిలైటు ఉన్నవి, అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒకటి మామ్మగారి చేతికిచ్చాను. మంచినీళ్ళ గ్లాసులో ముంచి తీసి, చెంగుతో తుడిచి, ఫ్యాను కింద నిలబడి ఒంటి చేత్తో నొక్కింది. వెలిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెలిగింది. ఆవిడ పరీక్షలో నెగ్గిన సరుకు ఆ రోజంతటికీ అదొక్కటే. డీలర్ కాగితం చేత్తో పట్టుకుని కంపెనీ కుర్రాడు నా భుజం పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఈ దీపం సంగతి కూడా చూద్దాం ఉండండి," అంది మామ్మగారు. టార్చి వెలిగించి అరచేతిలో వేసుకుని చూసింది. బల్ల కిందకి వేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, చెంగు తీసేసింది. అన్నేళ్ళలో ఆవిడ మూతి నేను పూర్తిగా చూడ్డం అదే మొదలు. నోరు బాగా తెరిచి, తల వెనక్కి వాల్చి, లైటు లోపలికి పెట్టుకుంది.

"చూడండి బాబూ. ఏం కనబడుతుందో చెప్పండి," అంది, ఆ తెరిచిన నోటితోనే.

అంగిలి అంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అడ్డపొగ తాగేవాళ్ళకి అది మామూలే. మధ్యలో శనగబద్దంత పుండు, ఎర్రగా, అంచులు లేచి. మా పెద్దమ్మకి అలాగే మొదలైంది. అది ఎలా ముగిసిందో మా ఇంట్లో అందరం చూశాం. అంచేత నాకు తెలియలేదని అనడానికి లేదు.

పక్కన కాగితం పట్టుకుని కుర్రాడు. చుట్టూ ఇందాక నవ్విన జనం. గుడివాడ కొట్టుకి పోయిన రెండు నెలలూ గుర్తొచ్చాయి. ఇప్పుడు పుండుందని అంటే ఈవిడ ఇటే బస్సెక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ నా గుమ్మం తొక్కదు అనుకున్నాను. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కేసుకోగలిగాను. వ్యాపారం చేసే బుర్ర కదా.

"కొండనాలిక దాకా కనబడుతుందండి. లైటు బాగుంది," అన్నాను.

ఆవిడ నోరు మూసింది. చెంగు వెంటనే వేసుకోలేదు. నా మొహంలోకి చూస్తూ, "ఇంకేం కనబడలేదా?" అంది.

"లేదండి. శుభ్రంగా ఉంది."

"అయితే తీసేసుకోండి," అని లైటర్ నా చేతిలో పెట్టింది.

తాడేపల్లిగూడెం స్టేషన్లో బండికి ఇంకా టైముంది. రెండు టీలు తీసుకుని ఒకటి ఆవిడకిచ్చాను. తీసుకుని తాగేసింది. గ్లాసు మార్చలేదు. అంత అనుమానప్పక్షిని, నాకది కనబడకుండా పోతుందా? కనబడింది. పొద్దుట్నుంచీ తిరిగి అలిసిపోయిందిలే అనుకున్నాను.

బండెక్కాక చెబుదామనుకున్నాను. పూళ్ళ స్టేషను దాటాక చెబుదామనుకున్నాను. భీమడోలులో ఎదురు సీటు ఖాళీ అయింది, ఇదే సమయం అనుకున్నాను. ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. బస్సులో డ్రైవరుకి కాపలా కూర్చునే మనిషి, నా ఎదురుగా నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోయింది. ఏలూరు పవరుపేట స్టేషను వచ్చాక నేనే లేపాను. "వస్తానండి బాబూ," అని బుట్ట తీసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తుందిగా, అప్పుడు చెబుదాం అనుకున్నాను.

వచ్చింది. నాలుగైదు సార్లు వచ్చింది. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చేది, మొన్న శుభ్రంగా ఉందన్నారు కదా అంటే ఏం చెప్పాలో తోచక మింగేసేవాణ్ణి. ఒక అబద్ధం ఆడితే దానికి కాపలా కాయడమే పెద్ద పని. లైటర్లు మాత్రం కొల్లేరంతా బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి.

తర్వాత బుట్ట పట్టుకుని కోడలు రావడం మొదలెట్టింది. కైకలూరులో చేపలు ఐసులో పెట్టే పనికి వెళ్ళే అమ్మాయి. "అత్తయ్యగారికి నోట్లో పుండండి, అన్నం దిగట్లేదు," అంది. ఆసుపత్రికి తీసుకెళ్ళమ్మా, ఇవాళే తీసుకెళ్ళు అని గట్టిగా చెప్పాను. "రానంటున్నారండి," అంది. ఎందుకు రానంటున్నారని అడగలేదు. ఆవిడ మొండితనం నాకు తెలిసిందే కదా అనుకున్నాను. నేనే వెళ్ళి చెప్పి ఉండొచ్చు. దగ్గు మాట అన్నందుకు బతిమాలడానికి వెళ్ళినవాణ్ణి, దీనికి వెళ్ళలేదు.

పోయిందని కబురు వచ్చాక వెళ్ళాను. సమాధి చేసి అప్పటికి రెండు రోజులైంది. పెంకుటింటి అరుగు మీద కూర్చోబెట్టారు. పొయ్యి మీద ఉట్టి అలాగే వేలాడుతోంది, అందులో చుట్టల కట్టలు రెండున్నాయి. కోడలు గుమ్మం పక్కన కూర్చుంది. ఏదో ఒకటి అనాలి కదా, "ముందే చూపించుకుని ఉంటే బాగుండేదమ్మా," అన్నాను. అంటున్నప్పుడే నా గొంతు నాకు పరాయిగా వినిపించింది.

"అప్పట్లోనే ఎంతో బతిమాలామండి," అంది ఆ అమ్మాయి. "మంట పుడుతుందంటే డాక్టరు దగ్గరికి పదండన్నాం. పాస్టరుగారు కూడా వచ్చి చెప్పారు. తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చాక ఇంక ఎవరి మాటా వినలేదండి. ఏలూరు బాబుగారు లైటేసి మరీ చూశారు, శుభ్రంగా ఉందన్నారు అని. ఆయన ఎదుటోడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, పుండుంటే ఆయన కంట పడకుండా ఉంటదా అని మమ్మల్నే కసిరారండి."

ఆవిడ ఆసుపత్రికి భయపడి నా మాట అడ్డం పెట్టుకుందేమో, లోపల తనకి తెలిసే ఉంటుందేమో అని ఒక అనుమానం వచ్చింది. అలా అనుకుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది. కానీ వెంటనే గూడెం స్టేషన్లో టీ గ్లాసు గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి టీ పట్టుకొచ్చింది. ఒక్క గ్లాసే. తీసుకుని చాలాసేపు చేత్తో పట్టుకునే కూర్చున్నాను. తాగలేకపోయాను.